ఆ పాయింటర్ ఎవరి పేరున ఉందిరా చంటీ?

ఒరేయ్ చంటీ,

నీ ప్యాచ్ రెండోసారి కూడా వెనక్కి వచ్చిందని, కంచం ముందు కూర్చుని కూడా ఫోనే చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన కోడ్ చదివాను. రివ్యూ చేసినాయన అడిగింది ఒక్కటే మాట: ఈ పాయింటర్‌కు ఇక్కడ రిఫరెన్స్ ఎవరి చేతిలో ఉంది? నువ్వు దానికి జవాబు రాయలేదు. ఒక గెట్ అదనంగా పెట్టి, సరిచేశానంటూ రెండో వెర్షన్ పంపేశావు. అడిగినదానికి జవాబు చెప్పకుండా చేతికందిన పని చేసి చూపించడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఇంట్లో అయితే ముద్దుగా ఉండేది. కెర్నల్లో ఎవరూ ముద్దు చేయరు.

తప్పు పట్టడానికి రాయడం లేదు నాన్నా. హైదరాబాద్‌లో చిప్పుల కంపెనీలో చేరిన కొత్తలోనే డ్రైవర్ కోడ్ నీ చేతికిచ్చారంటే నీలో సరుకుందనే అర్థం. కాకపోతే కాలేజీలో మీకు చెప్పిన ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో సెమాఫోర్లు, డెడ్‌లాక్‌లు ఉంటాయి కానీ, ఒక ఆబ్జెక్ట్ ఎంతకాలం బతకాలి, దాని మెమరీని చివరికి ఎవరు వదిలించాలి అన్న సంగతి పెద్దగా రాదు. కెర్నల్ రాసేవాళ్ళ నిద్ర చెడగొట్టేది చాలామటుకు అదే. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు, భోంచేశాకే.

రిఫరెన్స్ కౌంట్ లెక్క ఎలా నడుస్తుందో నీకు తెలిసిందే. ఆబ్జెక్ట్ పుట్టగానే కౌంట్ ఒకటి. ఎవరైనా దాని పాయింటర్‌ను దాచుకుంటే గెట్, ఒకటి పెరుగుతుంది. పని అయిపోయాక పుట్, ఒకటి తగ్గుతుంది. సున్నాకు దించినవాడే రిలీజ్ ఫంక్షన్ నడిపి మెమరీ వదిలేస్తాడు. పెళ్ళయ్యాక కల్యాణ మండపంలోంచి ఆఖరున బయటికొచ్చేవాడు దీపాలార్పి తాళం వేసినట్టు. లోపల ఉన్నవాడు ఇంకొకరిని లోపలికి పిలవొచ్చు, తను ఉన్నంతసేపూ తాళం పడదు కనక. బయటివాడు తలుపు దాకా వచ్చేసరికి, సరిగ్గా అప్పుడే లోపలివాడు తాళం తిప్పుతూ ఉంటే? చిక్కంతా అక్కడే. దాని దగ్గరికి వస్తాను.

ఈ లెక్క పాతదే. 1960లోనే జార్జ్ కాలిన్స్ జాబితాల మెమరీని ఎప్పుడు వదలాలో తేల్చడానికి దీన్ని ప్రచురించాడు. యూనిక్స్‌లో ఒక ఫైలుకు ఎన్ని పేర్లున్నాయో చెప్పే లింక్ కౌంట్‌దీ ఇదే తీరు. లినక్స్‌లో ఎవరికి వారు సొంతంగా అంకెలు పెట్టుకుని సొంతంగా తప్పులు చేస్తుంటే, 2004లో గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ కేరెఫ్ అనే చిన్న స్ట్రక్చర్ తెచ్చి అందరూ దీన్నే వాడండన్నాడు. దాని డాక్యుమెంటేషన్‌లో మూడు నియమాలున్నాయి. పాయింటర్‌ను తాత్కాలికంగా కాకుండా దాచుకుంటున్నా, ముఖ్యంగా ఇంకో థ్రెడ్‌కు ఇస్తున్నా, ఇచ్చే ముందే గెట్ చెయ్యాలి. పని అయిపోతే పుట్ చెయ్యాలి. చేతిలో రిఫరెన్స్ లేకుండానే కొత్తగా ఒకటి తీసుకోబోతుంటే, ఆ గెట్ సాగుతుండగా ఎవరి పుట్టూ మధ్యలో దూరకుండా కట్టడి ఉండాలి. మొదటి రెండు నియమాలూ అందరికీ కంఠతా వచ్చు. బగ్గులన్నీ 'ముందే' అన్న మాట దగ్గరా, మూడో నియమం దగ్గరా ఉంటాయి.

'ముందే' ఎందుకంటే, నువ్వు కొత్త థ్రెడ్‌ను పుట్టించి దానికి పాయింటర్ ఇచ్చి, తర్వాత తీరిగ్గా గెట్ చేద్దామనుకున్నావనుకో. నీ తర్వాతి లైను నడిచేలోపే ఆ థ్రెడ్ ఇంకో కోర్ మీద పని ముగించి, తన పుట్ చేసి, వెళ్ళిపోయి ఉండొచ్చు. అప్పుడు నువ్వు గెట్ చేసేది పోయినదాని మీద. అందుకే గెట్ ముందు, థ్రెడ్ తర్వాత. థ్రెడ్ పుట్టకపోతే దానికోసం తీసుకున్న రిఫరెన్స్‌ను నువ్వే పుట్ చెయ్యాలి, దాని తరఫున చేసేవాడు ఇంకెవడూ లేడు. వర్క్‌క్యూకి పని అప్పగించినా, టైమర్ పెట్టినా ఇదే వరస. పైగా అదే పని అప్పటికే క్యూలో ఉంటే క్యూ వర్క్ ఫాల్స్ అని తిరిగిస్తుంది. అప్పుడు నువ్వు ముందే తీసుకున్న రిఫరెన్స్ మిగిలిపోతుంది, దాన్ని నువ్వే వదలాలి. నీ కోడ్‌లో ఆ తిరుగు విలువను చూడనే లేదు. రివ్యూ చేసినాయన ఇంకా అక్కడికి రాలేదు కానీ, వస్తాడు.

ఇక కౌంట్ తగ్గించే క్షణం. మామూలు ఇంట్ వేరియబుల్‌కు ఒకటి కలపడమంటే చదవడం, కలపడం, తిరిగి రాయడం. రెండు కోర్లు ఒకేసారి చదివితే రెండు పెంపులకు ఒకటే మిగులుతుంది. అటామిక్ వాడాలని నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అటామిక్ పెట్టినవాళ్ళు కూడా ఒక లైనులో తగ్గించి, తర్వాతి లైనులో సున్నా అయిందా అని విడిగా చదివి, అయితే ఫ్రీ చెయ్యడం నేను చూశాను. కౌంట్ రెండు ఉన్నప్పుడు ఇద్దరూ తగ్గించి, ఆ తర్వాత ఇద్దరూ చదివితే ఇద్దరికీ సున్నాయే కనిపిస్తుంది. ఇద్దరూ ఫ్రీ చేస్తారు. తగ్గించడం, సున్నాకు చేర్చింది నేనేనా అని తెలుసుకోవడం ఒకే అడుగులో జరగాలి. డెక్ అండ్ టెస్ట్ అన్న ఫంక్షన్ ఉన్నది అందుకే. దానికి ఇంకో గుణం కూడా ఉంది. మిగతావాళ్ళు తమ పుట్‌కు ముందు ఆ ఆబ్జెక్ట్‌లో రాసిన రాతలన్నీ, ఆఖరివాడు దాన్ని వదిలించే ముందు వాడికి కనబడేలా మెమరీ వరసను కాపాడుతుంది. గెట్‌కు ఆ కట్టుబాటు లేదు, ఎందుకంటే గెట్ చేసేవాడి దగ్గర ఆ ఆబ్జెక్ట్‌ను నిలిపి ఉంచేది అప్పటికే ఏదో ఒకటి ఉండాలి కనక. ఆర్మ్ చిప్ మీద పని చేస్తున్నావు కదా, ఇది గట్టిగా పట్టుకో. ఎక్స్86 మీద కప్పిపుచ్చుకుపోయే వరస తప్పులు ఆర్మ్ మీద బయటపడతాయి.

పుట్ చేశాక ఆ పాయింటర్‌ను మళ్ళీ ముట్టుకోకు. వినడానికి ఎంత తేలికో చూడు. కానీ పుట్ చేసి, కింద లైనులో అదే డివైస్ పేరు లాగ్‌లో ప్రింట్ చేసిన కోడ్ ఎంత ఉందో వెతికితే తెలుస్తుంది. 'ఇంకొకరి రిఫరెన్స్ ఉంటుందిలే' అనుకుంటారు. ఆ ఇంకొకరెవరో పేరు చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే నీ చేతిలో ఉన్నది చెత్త అనే అనుకో.

మూడో నియమానికి వద్దాం, నీ ప్యాచ్ జబ్బు అక్కడే ఉంది. జాబితాలో ఐడీ పట్టుకుని వెతుకుతున్నావు. దొరకగానే లాక్ వదిలేసి, ఆ తర్వాత గెట్ చేస్తున్నావు. లాక్ వదలడానికీ గెట్ చెయ్యడానికీ మధ్య ఉన్న ఆ సందులో ఇంకో కోర్ మీద ఆఖరి పుట్ జరిగిపోవచ్చు. గెట్‌ను లాక్ లోపలికి లాగితే సగం నయమవుతుంది. మిగతా సగం: ఆబ్జెక్ట్‌ను జాబితాలోంచి తీసేది ఎవరు, ఎప్పుడు? రిలీజ్ ఫంక్షన్‌లో తీస్తున్నావు. అంటే కౌంట్ సున్నా అయ్యాక కూడా, జాబితాలోంచి పోయేలోపు, ఒక లిప్తపాటు అది జాబితాలోనే కనబడుతుంది. వెతికేవాడు ఆ లిప్తలో దాన్ని పట్టుకుని సున్నాను ఒకటి చేసేస్తాడు. చచ్చినదాన్ని లేపి కూర్చోబెట్టినట్టే. అవతల రిలీజ్ ఆగదు, తన పని తాను చేసుకుపోతుంది.

దీనికి దారులు మూడు. ఒకటి, పుట్ కూడా అదే మ్యూటెక్స్ కింద జరగాలి. కేరెఫ్ పుట్ మ్యూటెక్స్ అనే ఫంక్షన్ ఉంది, కౌంట్ సున్నా అవుతుందనుకున్నప్పుడే మ్యూటెక్స్ పట్టుకుని రిలీజ్‌లోకి వెళ్తుంది. రెండు, గెట్ అన్‌లెస్ జీరో. కౌంట్ సున్నా అయితే నాకొద్దు, దొరకలేదనే అనుకుంటాను అని ఒప్పుకునే గెట్ అది. కానీ సున్నానా కాదా అని చదవడానికైనా ఆ మెమరీ అక్కడ ఉండాలి కదా. ఆ హామీ అది ఇవ్వదు. రిలీజ్‌లో జాబితాలోంచి తీయడం లాక్ కింద జరిగి, ఆ తర్వాతే ఫ్రీ అయితే ఆ హామీ ఉంటుంది. గెట్ అన్‌లెస్ జీరో పెట్టేశాను, ఇక భయం లేదు అని ఎవరైనా అంటే, మెమరీని నిలిపి ఉంచుతున్నది ఏమిటని అడుగు. చాలామంది దగ్గర జవాబు ఉండదు.

మూడో దారి ఆర్‌సీయూ. పాల్ మెకెన్నీ తదితరులు 2002లో లినక్స్‌లోకి తెచ్చిన ఈ పద్ధతిలో వెతికేవాడు లాక్ పట్టడు. నేను చదువుతున్నాను అని మాత్రం చెప్పి చదువుకుపోతాడు. వదిలించేవాడు జాబితాలోంచి తీసేసి, అప్పటికే చదువుతున్నవాళ్ళంతా బయటికొచ్చేదాకా ఆగి అప్పుడు ఫ్రీ చేస్తాడు. కేఫ్రీ ఆర్‌సీయూ చేసేది అదే. దానితో గెట్ అన్‌లెస్ జీరో కలిస్తే చక్కని జోడీ: మెమరీ నిలవడం ఆర్‌సీయూ పూచీ, ఆబ్జెక్ట్ బతికి ఉందో లేదో తేల్చడం కౌంట్ పూచీ. కానీ మొదట్లోనే దీని జోలికి పోకు. మామూలు మ్యూటెక్స్‌తో సరిగ్గా రాసి, అది నిజంగా నెమ్మదిగా ఉందని కొలిచి చూపించగలిగినప్పుడు ఆర్‌సీయూ సంగతి ఆలోచిద్దువు గాని. నీ జాబితాలో మహా ఉంటే నాలుగు ఆబ్జెక్ట్‌లుంటాయి. దానికి ఆర్‌సీయూ పెట్టడం కందకు లేని దురద.

ఇంకో మాట, ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. కౌంట్ ఆబ్జెక్ట్ ప్రాణాన్ని కాపాడుతుంది, అంతే. లోపలున్న ఫీల్డులను కాపాడదు. ఇద్దరి దగ్గరా పద్ధతిగా తీసుకున్న రిఫరెన్స్‌లు ఉండగానే, ఇద్దరూ ఒకేసారి అదే బఫర్ పొడవును మార్చి అఘోరించవచ్చు. దానికి లాక్ కావాలి. అలాగే లాక్ ఉంది కదా అని కౌంట్ మానేయకూడదు. ఆబ్జెక్ట్‌లోనే ఉన్న లాక్‌ను పట్టుకోవాలంటే ముందు ఆబ్జెక్ట్ ఉండాలి. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని మనసులో ఉంటే నీ డిజైన్ సగం తేటపడుతుంది.

ఇప్పుడు నీ అదనపు గెట్ సంగతి. ఒకటి ఎక్కువైతే ఏమవుతుంది, మహా అయితే కాస్త మెమరీ లీకవుతుంది, తక్కువైతేనే కదా ప్రమాదం అనుకుని ఉంటావు. అలా అనుకున్నవాళ్ళందరికీ నేను చెప్పే కథ ఒకటుంది. కెర్నల్లో పాస్‌వర్డుల్లాంటి రహస్యాలు దాచే కీరింగ్ సదుపాయం ఉంది. ఒక ప్రాసెస్ తన సెషన్ కీరింగ్‌ను పేరు చెప్పి మార్చుకోవచ్చు. పేరుతో వెతికే ఫంక్షన్ దొరికిన కీరింగ్ కౌంట్‌ను ఒకటి పెంచి ఇస్తుంది. దొరికింది ఇప్పటికే తన దగ్గరున్న కీరింగే అయితే? మార్చడానికేం లేదు, సరేనని ఎర్రర్ దారి గుండా బయటికి పోతుంది. పోతూ పోతూ, పెంచిన ఆ ఒకటిని తగ్గించడం మరిచింది. ఒక్క పుట్ లేదు. పిలిచిన ప్రతిసారీ కౌంట్ ఒకటి పెరిగి అలాగే ఉండిపోతుంది.

ఆ కౌంట్ 32 బిట్ల అంకె. 4,29,49,67,296 సార్లు పెంచితే చుట్టూ తిరిగి మళ్ళీ సున్నా దగ్గరికి వస్తుంది. పర్సెప్షన్ పాయింట్ అనే ఇజ్రాయెల్ సంస్థ పరిశోధకులు 2016 జనవరిలో ఇదే చేసి చూపించారు. మామూలు యూజర్ అనుమతులతో, ఆ కాలపు కోర్ ఐ7 ల్యాప్‌టాప్ చిప్ మీద, లూప్‌లో పిలుస్తూ పోతే సుమారు అరగంట పట్టింది. కౌంట్ సున్నా అయ్యాక కెర్నల్ ఆ కీరింగ్‌ను ఫ్రీ చేస్తుంది, పాయింటర్ మాత్రం ప్రాసెస్ దగ్గరే ఉంటుంది. ఖాళీ అయిన ఆ చోట తమకు కావలసిన బైట్లు పెట్టి, అందులోని ఫంక్షన్ పాయింటర్ ద్వారా రూట్ అయిపోయారు. సీవీఈ-2016-0728 అని దాని నంబరు. 2013లో వచ్చిన 3.8 కెర్నల్ నుంచీ అది అలాగే పడి ఉంది. సరిచేసింది ఒక్క లైను. లీకు అనుకున్నది తిరిగి తిరిగి యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అయింది. ఒక గెట్ ఎక్కువవడం, ఒక పుట్ తక్కువవడం ఒకటే లెక్క, ఇకనైనా అదనపు గెట్‌ను మందులా వాడకు.

ఆ తర్వాతే కెర్నల్ వాళ్ళు గట్టిగా కదిలారు. ప్రధాన కెర్నల్‌కు బయట భద్రత కోసం రాసిన పాక్స్ ప్యాచుల్లో కౌంట్ పొంగిపోకుండా ఆపే ఆలోచన అప్పటికే ఉంది. దాన్ని ప్రధాన కెర్నల్లోకి తేవాలని ఎలెనా రెషెటోవా, కీస్ కుక్ లాంటివాళ్ళు పట్టుబట్టారు. పీటర్ జైల్‌స్ట్రా రాసిన రెఫ్‌కౌంట్ టీ అనే రకం 2017లో 4.11 కెర్నల్‌తో వచ్చింది. దాని తెలివి ఏమిటంటే, అంకె హద్దు దాటుతుందనిపిస్తే అక్కడే బిగుసుకుపోతుంది, ఇక పెరగదు, తగ్గదు. ఆబ్జెక్ట్ ఎప్పటికీ ఫ్రీ కాదు. మెమరీ పోతుంది, యంత్రం పోదు. సున్నా మీద గెట్ చేస్తే లాగ్‌లో కేకలు పెడుతుంది. కేరెఫ్ కూడా ఇప్పుడు లోపల దీన్నే వాడుతుంది. కాబట్టి కొత్త కోడ్‌లో ఆబ్జెక్ట్ ప్రాణాన్ని లెక్కించడానికి మామూలు అటామిక్ వాడావంటే, ఎందుకు వాడావో చెప్పాల్సిన బాధ్యత నీదే.

అలాగని అన్ని కౌంట్లూ ఆ రకంలోకి మారలేదు. మెమరీ పేజీలకు ఉండే కౌంట్ వేరు. 2019లో దాన్ని కూడా పొంగించవచ్చని గూగుల్‌లో పనిచేసే యాన్ హార్న్ చూపించాడు. దానికి సుమారు 140 గిబీబైట్ల ర్యామ్ కావాలి. అంత ర్యామ్ ఎవడి దగ్గరుంటుందిలే అని రాసిన రోజుల్లో అది నిజమే. ఇప్పుడు క్లౌడ్‌లో గంటకు అద్దెకు దొరుకుతుంది. 'అంతసార్లు ఎవడు పిలుస్తాడు' అన్న వాదన నీ నోట వినిపించకూడదు.

మన డ్రైవర్ల ప్రపంచంలో కౌంట్లు తప్పేది ఎక్కువగా ఎర్రర్ దారుల్లో. అంతా సవ్యంగా నడిచే దారిని రోజుకు లక్షసార్లు యంత్రమే పరీక్షిస్తుంది. మెమరీ దొరకనప్పుడు, హార్డ్‌వేర్ పలకనప్పుడు నడిచే దారిని ఎవరూ నడవరు. పైగా కెర్నల్ ఫంక్షన్లకు ఒకదానికొకటి పొంతన లేని పద్ధతులున్నాయి, వాటి మీద నాకు పాత కోపమే. పీఎం రన్‌టైమ్ గెట్ సింక్ విఫలమైనా కౌంట్‌ను పెంచే ఉంచుతుంది. ఎర్రర్ వచ్చింది కదా, ఏమీ తీసుకోలేదనుకుని వెనక్కి తిరిగే డ్రైవర్లు కుప్పలు తెప్పలుగా ఉండేవి. చివరికి విఫలమైతే తనే తగ్గించే రెజ్యూమ్ అండ్ గెట్ అనే ఇంకో ఫంక్షన్‌ను 2020లో చేర్చారు. నువ్వు ఆ కొత్తదే వాడు. డివైస్ రిజిస్టర్ విఫలమైతే కేఫ్రీ చెయ్యకూడదు, పుట్ డివైస్ చెయ్యాలి. అప్పటికే లోపల కౌంట్ మొదలైపోయింది కాబట్టి. ఫంక్షన్ పైన కామెంట్‌లో మరీ మరీ రాశారు, అయినా తప్పుతూనే ఉంటారు. డివైస్ ట్రీలో పిల్లల మీద తిరిగే లూప్ ప్రతి చుట్టులోనూ ఒక నోడ్ రిఫరెన్స్ తీసుకుని, తర్వాతి చుట్టులో వదులుతుంది. మధ్యలో బ్రేక్ చేసినా, రిటర్న్ అయినా ఆ ఒక్కటి నీ నెత్తిన మిగులుతుంది. ఆఫ్ ఫైండ్ నోడ్ బై నేమ్ ఇంకా విచిత్రం. మొదలుపెట్టడానికి నువ్విచ్చిన నోడ్ రిఫరెన్స్‌ను తనే వదిలేస్తుంది. నువ్వూ వదిలితే రెండుసార్లు వదిలినట్టు.

ఇవన్నీ బట్టీ పట్టమని చెప్పను. ఏ ఫంక్షన్ పాయింటర్ ఇచ్చినా, అది రిఫరెన్స్‌తో ఇచ్చిందా, ఉత్తినే చూపించిందా అని దాని పైనున్న కామెంట్ చదువు. కామెంట్ లేకపోతే కోడ్ చదువు. పేరులో గెట్ ఉందా, ఫైండ్ ఉందా అన్నదాన్ని నమ్మకు, డివైస్ ఫైండ్ చైల్డ్ కూడా కౌంట్ పెంచే ఇస్తుంది. 2023 నుంచి స్కోప్ దాటగానే దానంతటదే పుట్ చేసే సౌకర్యాలు కెర్నల్లోకి వచ్చాయి. మీ సబ్‌సిస్టమ్ మెయింటెయినర్‌కు ఇష్టమైతే వాడు, చాలా గోటూలు తగ్గుతాయి.

డెవ్ఎం కేజెడ్అలాక్ గురించి ఒక హెచ్చరిక. నీకది చాలా ఇష్టమని కోడ్ చూస్తే తెలుస్తోంది. తీసుకున్న మెమరీ డ్రైవర్ విడిపోగానే దానంతటదే పోతుంది, ఫ్రీ రాయక్కర్లేదు. హాయిగా ఉంటుంది. కానీ యూఎస్‌బీ పరికరాన్ని ఎవరో లాగేశారనుకో. అప్పటికే ఒక ప్రోగ్రాం ఆ పరికరం ఫైలును తెరిచి పెట్టుకుని ఉంది. డ్రైవర్ విడిపోయింది, డెవ్ఎం మెమరీ పోయింది. ప్రోగ్రాం మాత్రం తీరిగ్గా రీడ్ అంటుంది, క్లోజ్ అంటుంది. నీ ఫంక్షన్లు పోయిన స్ట్రక్చర్‌ను తడుముతాయి. డ్రైవర్ అతుక్కుని ఉన్న కాలం వేరు, యూజర్ ఫైలు తెరిచి ఉంచిన కాలం వేరు. రెండో దానికి మొదటిదాని గడియారం కడితే ఇదే జరుగుతుంది. మీడియా డ్రైవర్లలో పేరున్న లారెంట్ పిన్‌చార్ట్ 2022 లినక్స్ ప్లంబర్స్ సమావేశంలో దీని మీదే ప్రసంగించాడు. క్యారెక్టర్ డివైస్‌గా యూజర్‌కు కనబడే స్ట్రక్చర్‌కు డెవ్ఎం వద్దు, కేరెఫ్ పెట్టు. ఇది నా తీర్పు. మీ టీమ్‌లో ఎవరైనా కాదంటే, పరికరం లాగేసిన తర్వాత క్లోజ్ ఎక్కడికి వెళ్తుందో బోర్డు మీద గీయమను.

పనిముట్లు వాడు. కేసాన్ పెట్టిన కెర్నల్ మీదే రోజూ పని చెయ్యి, నెమ్మదిగా ఉన్నా సరే. ఫ్రీ అయిన మెమరీని ముట్టుకున్న చోటే పట్టేస్తుంది. లాక్‌ల వరస తప్పితే లాక్‌డెప్ చెబుతుంది, థ్రెడ్ల మధ్య పోటీని కేసీసాన్ చూపిస్తుంది, వదలని మెమరీని కేమెమ్‌లీక్ వెతుకుతుంది. కేఆబ్జెక్ట్ రిలీజ్‌ను కావాలనే ఆలస్యం చేసే డీబగ్ ఆప్షన్ కూడా ఉంది. పుట్ చెయ్యగానే పోతుందన్న భ్రమలో రాసిన కోడ్ దాని కింద వెంటనే కూలుతుంది. ఇవన్నీ నడిచిన దారిలో దొరికిన తప్పులే చెబుతాయి. నడవని దారిని కళ్ళతో చదవాల్సిందే. మా బోర్డు మీద వారం నడిచింది, ఏమీ కాలేదు అని రివ్యూలో రాయకు. రెండు కోర్ల బోర్డు మీద వారం నడిచింది, ఎక్కువ కోర్లున్న సర్వర్ మీద పూట కూడా నిలవకపోవచ్చు.

రస్ట్ గురించి అడిగావు. 2022 చివర 6.1 కెర్నల్‌తో వచ్చింది. పాయింటర్‌ను ఎవరు పట్టుకున్నారన్నది అక్కడ టైపులోనే రాసి ఉంటుంది, పుట్ మరిచిపోవడం అరుదు. నేర్చుకో, మంచిదే. కానీ నీకు జీతమిచ్చే డ్రైవర్ సీలో ఉంది, ఇంకా చాలా ఏళ్ళు సీలోనే ఉంటుంది. సీలో ఈ ప్రశ్న అడగడం అలవాటైనవాడికి రస్ట్ కంపైలర్ ఎందుకు తిడుతోందో త్వరగా అర్థమవుతుంది.

ఇక చెయ్యాల్సింది. ముందు ఆ రివ్యూయర్‌కు జవాబు రాయి. ఫలానా చోట పుట్టినప్పటి రిఫరెన్స్ జాబితాది, ఫలానా చోట తీసుకున్నది వర్క్‌ది, ఫలానా చోట తీసుకున్నది ఓపెన్ ఫైలుది, ఒక్కొక్కటీ ఇక్కడ వదులుతున్నాం అని. రాస్తుంటే ఎక్కడ జవాబు రాక ఆగిపోతావో బగ్ అక్కడే ఉంది. ఆ జాబితానే స్ట్రక్చర్ పైన కామెంట్‌గా పెట్టు. నీ తర్వాత వచ్చే కుర్రాడెవడో నిన్ను తలుచుకుంటాడు. ఆ రివ్యూయర్ కటువుగా రాశాడని మీ అమ్మకు చెప్పావట. ఖాళీ రిలీజ్ ఫంక్షన్ పెట్టి వార్నింగ్ నోరు మూయిస్తే మెయింటెయినర్ నిర్దాక్షిణ్యంగా ఎగతాళి చేస్తాడని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉండేది. వాళ్ళ తీరే అంత. ఆయన తన సాయంత్రం ఖర్చుపెట్టి నీ కోడ్ చదివాడు, అది చూసుకో.

ఆ తర్వాత కెర్నల్ సోర్స్‌లో డ్రైవర్స్ కింద యూఎస్‌బీలో యూఎస్‌బీ స్కెలిటన్ అనే ఫైలుంది, తెరువు. కొత్తవాళ్ళు చూసి నేర్చుకోవడానికే రాసిన డ్రైవర్ అది. కేరెఫ్ ఉంది, మ్యూటెక్స్ ఉంది, పరికరం లాగేశారని చెప్పే చిన్న గుర్తు ఉంది. ప్రాణం ఉండటం వేరు, పనికి రావడం వేరు అన్నది ఆ గుర్తు చూస్తే తెలుస్తుంది. ప్రోబ్, ఓపెన్, రిలీజ్, డిస్‌కనెక్ట్, ఈ నాలుగింటి పక్కన కాగితం మీద కౌంట్ ఎంతో రాసుకుంటూ రా. ఓపెన్‌లో గెట్ చేసే సరిగ్గా ఆ క్షణంలో డిస్‌కనెక్ట్ వచ్చి ఆఖరి పుట్ చెయ్యకుండా ఆపుతున్నది ఏమిటో కనుక్కో. జవాబు ఆ ఫైల్లో దొరకదు, యూఎస్‌బీ కోర్‌లోకి వెళ్ళి వెతకాలి. ఆదివారం ఫోన్ చేసి ఆ లాక్ పేరు నాకు చెప్పు.

మీ పిన్ని